తుఫాను కన్ను మా నెత్తి మీదుగా వెళ్ళిన రోజు

“తుఫాను తీరం దాటింది.” కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి ఈ మాట చిన్ననాటి నుండి పరిచయమే. రేడియోలోనో టీవీలోనో అది వినబడగానే ‘అమ్మయ్య, గండం గడిచింది’ అనుకుంటాము. దాటడమంటే గుమ్మం దాటినట్లు, పంట కాలువ దాటినట్లు ఒక్క అడుగుతో అయిపోయే పని అని మనకు తోస్తుంది. కానీ వందల కిలోమీటర్ల వెడల్పు గల సుడి ఒకటి తీరం దాటడమంటే ఏమిటి? సరిగ్గా దాని క్రింద ఉన్నవారికి ఆ కొన్ని గంటల్లో ఏమి జరుగుతుంది?

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు విశాఖపట్నంలో హుద్‌హుద్ తుఫాను తీరం దాటుతున్నప్పుడు మేము అక్కడ ఉన్నాము. మేమిద్దరము గోదావరి జిల్లాలో ఉపాధ్యాయులము. తుఫానులో అనుకోకుండా చిక్కుకొన్నవారము కాము, దానిని చూడాలనే ఎదురు వెళ్ళినవారము. ‘ఇదేమి పిచ్చి?’ అని మీరు అడుగవచ్చు. మా ఇంట్లో వాళ్ళూ అదే అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే, ముందుగా ఇలా ఎదురు వెళ్ళేవారి గురించి కొంత చెప్పాలి.

తుఫానుకు ఎదురు వెళ్ళేవారు

బంగాళాఖాతంలో మనం సైక్లోన్ అని పిలిచేదానినే అమెరికా తీరంలో హరికేన్ అనీ, ఫిలిప్పీన్స్, జపాన్ ప్రాంతాల్లో టైఫూన్ అనీ అంటారు. పేర్లు వేరైనా స్వభావం ఒక్కటే. సైక్లోన్ అనే మాట పుట్టింది మన దేశంలోనే. కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆంగ్లేయుడు 1848లో, ఓడ నడిపేవారి కోసం వ్రాసిన పుస్తకంలో ఆ మాటను వాడాడు. చుట్ట చుట్టుకొన్న పామును సూచించే గ్రీకు మాట నుండి దానిని తీసుకొన్నాడు. తుఫాను గాలి తిన్నగా వీచదు, చుట్టూ తిరుగుతుంది అన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది.

1943 జూలై 27న అమెరికాలోని టెక్సాస్‌లో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక పైలెట్ ఒక చిన్న శిక్షణ విమానాన్ని కావాలని హరికేన్ మధ్యలోకి నడిపాడు. ఆయన వెంట దారి చూపడానికి రాల్ఫ్ ఓహేర్ ఉన్నాడు. ఇద్దరూ క్షేమంగా తిరిగివచ్చారు. అంతటితో ఆగక, డక్‌వర్త్ అదే రోజు వాతావరణ అధికారి ఒకరిని ఎక్కించుకొని రెండవసారి కూడా వెళ్ళివచ్చాడు. ఆ సాహసం తరువాత పద్ధతిగా మారింది. మిసిసిపీ రాష్ట్రంలోని కీస్లర్ వైమానిక స్థావరం నుండి ప్రత్యేక దళం ఒకటి హరికేన్ల లోనికి విమానాలు నడుపుతోంది. చిన్న పారాచూట్ కట్టిన గొట్టం వంటి పరికరాలను వారు పైనుండి జారవిడుస్తారు. అవి సముద్రం మీద పడేలోగా గాలి వేగాన్ని, పీడనాన్ని, ఉష్ణోగ్రతను, తేమను కొలిచి పంపుతాయి.

బంగాళాఖాతంలో అలాంటి విమానాలు క్రమంగా తిరిగే ఏర్పాటు 2014 నాటికి లేదు. మన వాతావరణ శాఖ ఉపగ్రహాల మీద, తీరంలోని రాడార్ల మీద, సముద్రంలో తేలే పరికరాల మీద ఆధారపడుతుంది. అయినప్పటికీ హుద్‌హుద్ విశాఖ ప్రాంతంలో తీరం దాటుతుందని కొన్ని రోజుల ముందే చెప్పగలిగింది. ఆ కబురు విన్న తరువాతే మేము బయలుదేరాము.

విమానాల వారు గాక, నేల మీదనే తుఫానుకు ఎదురు వెళ్ళి కొలిచేవారు, ఫోటోలు తీసేవారు కొందరు ఉన్నారు. అందులో కొందరిది ఉబలాటం, కొందరిది పరిశోధన. మాలో ఒకరికి కారణం వేరే ఉన్నది. ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆయన మేనమామ కుటుంబంలో ఒక్కరు కూడా మిగలలేదు. అప్పటికి ఆయన వయస్సు తొమ్మిదేళ్ళు. ‘అంత గాలి ఎలా ఉంటుంది? అందులో మనిషికి ఏమి తోస్తుంది?’ అన్న ప్రశ్న ఆయనను ఆ తరువాత విడిచిపెట్టలేదు.

మేము పెట్టుకొన్న నియమాలు

తుఫానును చూడబోవడమంటే సముద్రపు ఒడ్డున నిలబడడం కాదు. మేము నాలుగు నియమాలు పెట్టుకొన్నాము. ఒడ్డుకు దూరంగా, ఎత్తయిన చోట, గట్టి కాంక్రీటు కట్టడంలోనే ఉండాలి. తాగేనీరు, అటుకులు, బెల్లం, టార్చిలైట్లు, మందులు మా వెంట మేమే తెచ్చుకోవాలి, ఊరివారి నోటి దగ్గరది తినకూడదు. పోలీసులు వెళ్ళవద్దన్న చోటికి వెళ్ళకూడదు. తుఫాను తరువాత చేతనైన పని చేయకుండా తిరిగి రాకూడదు.

శుక్రవారం రాత్రి రైల్లో విశాఖ చేరి, మిట్ట మీద ఉన్న నాలుగంతస్తుల లాడ్జిలో దిగాము. సంచిలో ఒక బారోమీటరు ఉన్నది. గాలి పీడనం తగ్గేకొద్దీ దాని ముల్లు వెనక్కు జరుగుతుంది.

శనివారం సముద్రం చూపు మాకు నచ్చలేదు. గాలి ఇంకా పెద్దగా లేదు గాని, అలలు మాత్రం ఎక్కడో దూరాన తోయబడి వస్తున్నట్లు పొడవుగా, బరువుగా, ఆగి ఆగి వచ్చి పడుతున్నాయి. పోలీసులు బీచి రోడ్డు మీదివారిని పంపివేస్తున్నారు. పల్లపు ప్రాంతాల నుండి జనాన్ని బస్సుల్లో తరలిస్తున్నారు. ఆ తుఫానుకు ముందు ప్రభుత్వం లక్షకు పైగా ప్రజలను తీర ప్రాంతాల నుండి ఖాళీ చేయించింది. ఆ సాయంత్రం మత్స్యకారుల కుటుంబాలు కొన్ని మా లాడ్జికి వచ్చాయి. యజమాని వారికి క్రింది హాలు తెరిచి ఇచ్చాడు, డబ్బు మాట ఎత్తలేదు.

ఆదివారం ఉదయం

తెల్లవారేసరికి కరెంటు లేదు. బారోమీటరు ముల్లు రాత్రి చూసిన చోటికి చాలా వెనక్కు వెళ్ళింది. ఎనిమిది గంటలకు రేకుల కప్పులు లేవడం మొదలయ్యింది. తొమ్మిది దాటాక గాలి చప్పుడు మారిపోయింది. అంతవరకు విసురు విసురుగా ఉన్నది, ఇక ఎడతెగకుండా పెద్ద పిండిమర ప్రక్కన నిలబడినట్లు ఉన్నది. ఒకరి చెవిలో ఒకరు అరచుకొంటే గాని వినబడలేదు. వాన పైనుండి పడడం లేదు, ప్రక్క నుండి వస్తున్నది. మూసిన కిటికీ చెక్కల సందుల్లో నుండి పిచికారీ కొట్టినట్లు గదిలోకి చిమ్ముతున్నది.

కిటికీ అద్దాలు పగలడంతో మేము గది వదిలి, నాలుగు వైపులా గోడలు ఉన్న మెట్ల దారిలో కూర్చున్నాము. అక్కడ ఉన్న చిన్న రంధ్రంలో నుండి వీధి కనిపిస్తున్నది. డాబాల మీది నల్లని ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు బంతుల్లా దొర్లిపోయాయి. హోర్డింగు ఒకటి ఇనుప చట్రంతో సహా వంగి కూలింది. నలభై, యాభై ఏళ్ళ వయస్సున్న చెట్లు వేళ్ళతో పెకలి రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. భవనం మొత్తం సన్నగా వణకుతున్నట్లు మెట్ల మీద కూర్చున్న మాకు తెలుస్తున్నది.

గాలికి ఇంత బలం ఎక్కడిది? వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 60 కిలోమీటర్ల గాలిలో మనం గొడుగు పట్టుకోలేము. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లని వాతావరణ శాఖ తెలిపింది. అంటే గొడుగును లాగివేసిన ఆ తోపుకు తొమ్మిదింతలు. విశాఖలోని రాడారు కూడా ఆ గాలికి దెబ్బతిన్నది.

క్రింది హాలులో పిల్లలు ఏడ్చి ఏడ్చి ఊరుకొన్నారు. ఎవరికి తెలిసిన ప్రార్థన వారు చేసుకొంటున్నారు.

నిశ్శబ్దం

మధ్యాహ్నం వేళ ఆ హోరు ఉన్నట్లుండి తగ్గింది. కొద్ది నిమిషాల్లోనే గాలి పూర్తిగా పడిపోయింది. వాన ఆగింది. మబ్బు పలచబడి, ఉదయం నుండి లేని వెలుతురు వచ్చింది. చెవుల్లో హోరు ఇంకా ఉన్నట్లే ఉన్నది గాని బయట నిశ్శబ్దం. ఎక్కడో ఒక కుక్క మొరిగింది. ఆ తరువాత తలుపులు తెరుచుకొన్న చప్పుళ్ళు. ప్రజలు వీధిలోకి వచ్చారు. ఒకరు పడిన చెట్టును చూస్తున్నారు, ఒకరు ఎగిరిపోయిన రేకుల కోసం వెదుకుతున్నారు, ఇంకొకరు సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని సిగ్నలు కోసం చూస్తున్నారు. ‘అయిపోయింది’ అన్న మాట వీధి అంతటా వినబడింది.

బారోమీటరు ముల్లు మాత్రం అన్నిటికంటే క్రింద నిలబడి ఉన్నది. అయిపోలేదు. మేము తుఫాను కంటిలో ఉన్నాము.

బలమైన తుఫానుకు నడుమ కన్ను ఉంటుంది. చుట్టూ గిరగిరా తిరిగే గాలి లోపలికి చొచ్చుకు రాలేక అంచున పైకి లేస్తుంది. ఆ అంచునే కంటి గోడ అంటారు. తుఫాను అంతటిలోకీ అతి భయంకరమైన గాలి అక్కడే ఉంటుంది. లోపల మాత్రం ప్రశాంతం. తుఫాను కదులుతూ ఉంటుంది గనుక, కన్ను మన మీది నుండి జరిగిపోగానే అవతలి గోడ వచ్చి తగులుతుంది. మన దేశం ఉన్న ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి గడియారపు ముళ్ళకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందువలన సముద్రం నుండి తీరానికి వచ్చే తుఫాను కన్ను మీదుగా వెళ్ళే ఊరికి, మొదటి సగంలో ఉత్తరం, ఈశాన్యం వైపు నుండి గాలి వస్తుంది. రెండవ సగంలో దానికి ఎదురుగా దక్షిణం, నైరుతి వైపు నుండి వస్తుంది.

హాలులో ఉన్న ఒక యువకుడు అప్పటికే గుమ్మం దాటాడు. అతని పడవ ఒడ్డున ఉన్నది. అప్పు చేసి కొన్న పడవ. “గాలాగిపోనాది కదా బాబూ, ఎల్లి కట్టేసొచ్చేత్తాను” అన్నాడు. మేము అతని వెనుక వెళ్ళి చేయి పట్టుకొన్నాము. బారోమీటరు చూపించాము, ఇంకొక సగం ఉన్నదని చెప్పాము. అతను ముల్లు వంక చూశాడు, మా వంక చూశాడు. ఆ ముల్లు అతనికి ఏమి చెబుతుంది? పడవ పోతే అతని ఇల్లు గడవదన్నది మాకూ తెలుసు.

అప్పుడు హాలులో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక ముసలాయన లేచి వచ్చాడు. “ఆగిపోలేదొరే, తిరుగుతాది. ఇంతసేపూ ఇటేపు నుండొచ్చింది, ఇప్పుడు అటేపు నుండొత్తాది. మా తాత సెప్పీవోడు” అన్నాడు. మేము పుస్తకాల్లో చదువుకొన్నదే ఆయన తన తాత నోట విన్నాడు. యువకుడు చాలాసేపు గుమ్మంలోనే నిలబడి, చివరకు లోపలికి వచ్చి భార్య ప్రక్కన కూర్చున్నాడు.

మేమిద్దరము వీధిలోకి వెళ్ళి ఆ చివర నుండి ఈ చివర వరకు కేకలు వేస్తూ తిరిగాము. “ఇది సగమే, ఇళ్ళలోకి వెళ్ళండి, ఈసారి దక్షిణం వైపు కిటికీలు జాగ్రత్త” అని చెప్పాము. చాలామంది వెంటనే కదిలారు. కొందరు నవ్వి, కూలిన చెట్టు దగ్గరే నిలబడ్డారు. అరగంట దాటిన తరువాత దక్షిణం దిక్కున కొండల మీద తెల్లటి తెర ఒకటి కనబడింది. దానిని చూశాక ఎవరికీ చెప్పవలసిన పని లేకపోయింది. అందరూ పరుగెత్తారు.

రెండవ గాలి మెల్లగా మొదలు కాలేదు. తలుపు తోసినట్లు ఒక్కసారిగా వచ్చింది. ఉదయమంతా ఒక వైపుకు వంగి తట్టుకొన్న చెట్లను, స్తంభాలను ఇప్పుడు రెండవ వైపుకు లాగింది. మొదటి సగంలో నిలబడినవి చాలా రెండవ సగంలో కూలాయి. చీకటి పడేవరకు అది తగ్గలేదు.

మాడిపోయిన కొండలు

సోమవారం ఉదయం బయటకు వచ్చి చూస్తే ఊరి చుట్టూ ఉన్న పచ్చని కొండలు గోధుమ రంగులో ఉన్నాయి, రాత్రికి రాత్రి కార్చిచ్చు వచ్చి కాల్చిపోయినట్లు. గాలి ఆకులన్నిటినీ దూసివేసింది, మిగిలిన వాటిని ఉప్పు నీటి తుంపర మాడ్చివేసింది. విమానాశ్రయం కప్పు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు తిరగలేదు. కరెంటు, ఫోన్లు చాలా పేటల్లో రోజుల తరబడి లేవు. పాల పాకెట్టు కోసం, నీళ్ళ డబ్బా కోసం బారులు తీరారు. రాష్ట్రంలో నలభై మందికి పైగా మరణించారు.

ఆ యువకుడితో కలిసి ఒడ్డుకు వెళ్ళాము. అతని పడవ రెండు ముక్కలై, మరి కొన్ని పడవల క్రింద ఉన్నది. అతను దాని మీద చేయి వేసి కొంతసేపు నిలబడ్డాడు. తరువాత పనికివచ్చే చెక్కలను వేరు చేయసాగాడు. మేమూ చేయి వేశాము. మూడు రోజులు అక్కడే ఉండి, పేటలో కొమ్మలు నరికి దారి చేయడంలో, నీళ్ళు మోయడంలో సాయపడ్డాము.

గాలి కంటే నీరు

ఇంత గాలి వీచినా, తుఫానుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది గాలి కాదు. నీరు. తుఫాను మధ్యలో పీడనం తక్కువ గనుక సముద్రం కొంత ఉబుకుతుంది. ఒక్కొక్క మిల్లీబారు తగ్గుదలకు సుమారు ఒక సెంటీమీటరు. అంతకంటే ఎన్నో రెట్లు నీటిని గాలి తీరం మీదికి నెట్టుకొస్తుంది. తీరం దాటే చోటికి కుడి వైపున, అంటే మన తీరంలో సాధారణంగా ఉత్తరపు వైపున, ఈ నెట్టుడు ఎక్కువ. సముద్రం లోతు తక్కువగా, నేల పల్లంగా ఉన్న చోట నీరు ఇంకా ఎత్తుకు లేస్తుంది. విశాఖలో హుద్‌హుద్ నాడు సముద్రం మామూలు పోటు కంటే సుమారు 1.4 మీటర్లు లేచింది. దివిసీమలో 1977లో లేచినది దాదాపు 5 మీటర్లు. ఒక ఘనపు మీటరు నీటి బరువు ఒక టన్ను అని గుర్తు చేసుకొంటే ఆ రాత్రి ఏమి జరిగి ఉంటుందో ఊహించవచ్చు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది చనిపోయారు.

2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ పట్టణాన్ని హైయాన్ టైఫూన్ తాకింది. ఆ దేశంలో ఆరు వేల మందికి పైగా మరణించారు. సముద్రం పొంగుతుందని హెచ్చరిక ముందే ఇచ్చారు. కానీ హెచ్చరికలో వాడిన ఇంగ్లీషు శాస్త్రపు మాట తమకు అర్థం కాలేదనీ, సునామీ అని చెప్పి ఉంటే పారిపోయేవారమనీ బ్రతికి బయటపడినవారిలో ఎందరో తరువాత అన్నారు. మనకు ఆ చిక్కు లేదు. తెలుగులో ఉప్పెన అనే మాట ఉన్నది. ఆ మాటకు అర్థం మన ముసలివాళ్ళకు తెలుసు. అయితే ఆ మాట వినగానే కదలడం పిల్లలకు కూడా తెలియాలి.

అదే టక్లోబాన్‌లో, తుఫానులను వెంటాడే జాష్ మోర్గర్‌మన్, ఆయన మిత్రులు ఇద్దరు ఒక హోటలు నుండి ఆ గాలిని చిత్రిస్తున్నారు. సముద్రం హోటలులోకి దూసుకువచ్చింది. క్రింది గదుల్లో చిక్కినవారు కేకలు వేశారు. ఆ ముగ్గురూ కెమెరాలు ప్రక్కన పెట్టి నీళ్ళలోకి దిగి, వారిని తేలే పరుపుల మీద ఎక్కించి మెట్ల వరకు చేర్చారు. తుఫానును చూడబోయేవారు ఎవరైనా ముందుగా నేర్చుకోవలసినది ఇదేనని మాకు తోస్తుంది. చూడడం ఎక్కడ ఆపాలో తెలియనివాడు చూడడానికి వెళ్ళకూడదు.

మీ ఇంటివారితో మాట్లాడండి

మీ పిల్లలు బైకు వేసుకొని అలలు చూడడానికి బీచికి వెళ్తామంటే ఏమి చెబుతారు? ఊరికే కసరితే వినరు. కన్ను అంటే ఏమిటో, ఉప్పెన ఎలా వస్తుందో కూర్చోబెట్టి చెప్పండి. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక ప్రక్క నుండి ఊది చూపండి, అవతలి అంచుకు నీరు ఎలా ఎక్కుతుందో వారికే తెలుస్తుంది.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మూడు సంగతులు మరువకండి. పల్లంలో ఉన్నవారు గాలి మొదలయ్యే ముందే కదలాలి, మొదలయ్యాక దారి ఉండదు. గాలి ఉన్నట్లుండి ఆగితే బయటకు రాకూడదు, అధికారులు చెప్పేవరకు లోపలే ఉండి, ఇంతవరకు గాలి తగలని వైపు కిటికీలను భద్రం చేసుకోవాలి. పడవ గాని, పశువు గాని, రేకు గాని, దాని కోసం వెనక్కు వెళ్ళేది ముందు రోజే, ఆ రోజు కాదు.

ముందుగా చెప్పితే, చెప్పినది వింటే ఎంత తేడా ఉంటుందో మన రాష్ట్రమే చూసింది. 1990 మేలో కృష్ణా తీరంలో తీవ్రమైన తుఫాను మళ్ళీ వచ్చింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యికి లోపే ఆగింది. అది కూడా తక్కువ దుఃఖం కాదు. కానీ పదమూడేళ్ళ క్రితం అదే తీరంలో పోయినది దానికి పది రెట్లు.

మీది తీరపు గ్రామమైతే ఒక పని చేయండి. 1977లోనో, 1990లోనో, 1996లోనో నీరు ఎంతవరకు వచ్చిందో మీ ఇంట్లోని పెద్దలను అడగండి. మేనమామను పోగొట్టుకొన్న మా మిత్రుడు తన ఊరిలో ఆ పని చేశారు. తొంభై ఏళ్ళ అవ్వ ఒకరు చేయి పైకెత్తి చూపించిన చోట, బడి గోడ మీద నీలి రంగుతో ఒక గీత గీయించారు. అది పిల్లల తలల కంటే చాలా ఎత్తున ఉన్నది. ప్రతి సంవత్సరం కొత్తగా చేరిన పిల్లలు ఆ గీత ఏమిటని అడుగుతారు, పెద్ద తరగతివారు చెబుతారు.